పెరటి గోదురుకప్పను, ఇంటి చుంచును పోల్చి చూడడం ఎలా?

ఉభయచరాన్ని, క్షీరదాన్ని పోల్చమని అడిగితే చాలామందికి వెంటనే గుర్తుకు వచ్చేది బడిలో గీసిన రెండు గడుల పట్టిక. ఒక గడిలో తడి చర్మం, గుడ్లు, మూడు గదుల గుండె ఉంటాయి. రెండో గడిలో వెంట్రుకలు, పాలు, నాలుగు గదుల గుండె ఉంటాయి. ఆ పట్టికలో తప్పేమీ లేదు. అయితే అది ఏ కప్పకైనా, ఇంచుమించు ఏ క్షీరదానికైనా సరిపోతుంది కనుక, దానిని నింపడానికి ఒక్క ప్రాణినైనా చూడవలసిన అవసరం రాదు. ఇక్కడ వివరించే పద్ధతి వేరు. ఒకే పెరట్లో, ఒకే రాత్రి, దాదాపు ఒకే ఆహారం కోసం తిరిగే రెండు ప్రాణులను ఎంచుకొని, రెండింటి ముందూ అవే ప్రశ్నలు ఉంచి, కంటితో చూసినవి ఏవో, చదివినవి ఏవో తెలిసేలా జవాబులను రాసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ కాస్త మట్టి నేల ఉన్న ఇంట్లో నివసించేవారికి ఇందుకు తగిన జంట సిద్ధంగానే ఉంది: గోదురుకప్ప, చుంచు.

ఈ రెండూ చీకటి పడ్డాక బయటికి వస్తాయి, రెండూ పురుగులను తింటాయి, రెండూ మనిషి ఇంటిని ఆశ్రయించి బతకడం నేర్చుకున్నాయి. బరువులోనూ మరీ తేడా ఉండదు. ఇన్ని విషయాలు సమానంగా ఉన్నప్పుడు, మిగిలిన తేడాలలో చాలా వాటికి కారణం ఒకటేనని గమనించే కొద్దీ మీకు తెలుస్తుంది. చుంచు తన ఒంటి వేడిని తానే తయారు చేసుకుంటుంది. గోదురుకప్ప ఆ పని చేయదు. కింది అడుగులన్నీ ఈ ఒక్క తేడా చుట్టూ అమర్చినవే.

మొదటి అడుగు: రెండింటినీ కచ్చితంగా గుర్తుపట్టండి

పోలిక చెడిపోయేది సాధారణంగా ఇక్కడే, ముఖ్యంగా చుంచు విషయంలో. గోడ వారగా పరుగెత్తే బూడిదరంగు ప్రాణిని చాలామంది ఎలుకగానే లెక్కిస్తారు, కానీ చుంచు ఎలుకల జాతికి చెందినది కాదు. ఎలుక, పందికొక్కు, ఉడుత కొరికే దంతాలున్న వర్గంలోనివి. చుంచు ముళ్లపందులకు, యూరప్‌లో నేల తవ్వుకొని బతికే మోల్‌లకు దగ్గరి చుట్టం. ఇక్కడ ముళ్లపంది అన్నది చిన్న ముళ్లతో పురుగులు తినే ప్రాణిని ఉద్దేశించి, అడవిలో ఉండే పెద్ద ఏదుపందిని కాదు. చుంచు శాస్త్రీయ నామం సన్‌కస్ మ్యూరినస్; 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దానిని వర్ణించాడు. ముక్కు పొడవుగా సాగి కింది దవడను దాటి ముందుకు వస్తుంది, ఎప్పుడూ అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. కళ్లు ఆవగింజంత కనిపిస్తాయి. తోక మొదట్లో లావుగా ఉండి చివరికి సన్నబడుతుంది, దాని మీద పలుచగా పొడవాటి వెంట్రుకలు నిలబడి ఉంటాయి. వీటన్నింటికన్నా ముందు మీకు తెలిసేది వాసన. ఒంటి పక్కల ఉన్న గ్రంథుల నుంచి వచ్చే ఆ ఘాటు వాసన గదిలో అది తిరిగి వెళ్లిన తరువాత కూడా కొంతసేపు నిలుస్తుంది.

గోదురుకప్ప శాస్త్రీయ నామం డుట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. జర్మనీ శాస్త్రవేత్త ష్నైడర్ 1799లో వర్ణించిన ఈ జాతి పాత పుస్తకాలలో బుఫో మెలనోస్టిక్టస్ అనే పేరుతో కనిపిస్తుంది. 2006లో కప్పల వర్గీకరణను సరిదిద్దినప్పుడు, భారతీయ ఉభయచర శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరు మీద ఏర్పడిన కొత్త ప్రజాతిలోకి (దగ్గరి జాతుల గుంపులోకి) దీనిని మార్చారు. పొడి పొడిగా, బుడిపెలతో నిండిన చర్మం, కళ్ల మీదుగా సాగే నల్లటి ఎముక గట్లు, కంటి వెనుక రెండు వైపులా ఉబ్బిన గ్రంథులు, ఈ మూడూ కనిపిస్తే అది గోదురుకప్పే. కొన్ని ఊళ్లలో బోదురుకప్ప అనే మాటను వానాకాలంలో పసుపు రంగుకు మారే పెద్ద నీటికప్పకు వాడతారు కనుక, ఎవరినైనా అడిగి తెలుసుకునేటప్పుడు పేరు మీద కాక ఈ గుర్తుల మీద ఆధారపడడం మంచిది.

రెండో అడుగు: చోటు, వేళ, సామగ్రి

వీధి దీపం గానీ వరండా బల్బు గానీ నేల మీద వెలుగు పరిచే చోటును ఎంచుకోండి. పురుగులు అక్కడికి చేరతాయి, వాటి వెనుక గోదురుకప్ప వస్తుంది. చుంచు వెలుగులోకి రావడానికి ఇష్టపడదు. గోడకూ నేలకూ మధ్య మూలను పట్టుకొని వెళుతుంది. కాబట్టి దీపం వెలుగు, గోడ అంచు రెండూ కనిపించేలా నాలుగైదు మీటర్ల దూరంలో కుర్చీ వేసుకొని కదలకుండా కూర్చోవాలి. టార్చి మీద రెండు మూడు మడతల ఎర్ర సెల్లోఫేన్ కాగితం కట్టుకుంటే ప్రాణులు బెదరడం తగ్గుతుంది. ఇవి కాక ఒక నోటుపుస్తకం, గది ఉష్ణోగ్రత చూపే మామూలు థర్మామీటరు, సెకన్లు చూపే గడియారం చాలు.

పట్టుకోవడం, బోనులో పెట్టడం, కోసి చూడడం ఈ పనికి అవసరం లేదు. డిగ్రీ స్థాయి జంతుశాస్త్ర తరగతులలోనే జంతువులను కోసే ప్రయోగాలను ఆపాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2014లో చెప్పింది. ఇంటి దగ్గర చేసే పరిశీలనకు అంతకన్నా ఎక్కువ స్వేచ్ఛ తీసుకోవలసిన కారణమేదీ కనిపించదు.

మూడో అడుగు: ముట్టుకోకుండా కొలవండి

నేల మీద పరిచిన పలకల పొడవును ముందే కొలిచి పెట్టుకోండి. ప్రాణి పలక మీదికి వచ్చినప్పుడు సరిగ్గా పైనుంచి ఫోటో తీస్తే, పలక పొడవు ఆధారంగా దాని పొడవును లెక్క కట్టవచ్చు. పక్కనుంచి తీసిన ఫోటో పనికిరాదు, ఎందుకంటే దూరాన ఉన్న భాగం పొట్టిగా కనిపిస్తుంది. గోదురుకప్పను ముక్కు కొన నుంచి వెనుక చివరి వరకు కొలవాలి, కాళ్లను లెక్కలోకి తీసుకోకూడదు. చుంచుకు శరీరాన్ని, తోకను విడివిడిగా రాయాలి. ఎదిగిన గోదురుకప్పలు సాధారణంగా 6 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి, ఆడవి మగవాటికన్నా పెద్దవి. చుంచు శరీరం 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. పెద్ద మగది 100 గ్రాముల వరకు తూగవచ్చు, ఆడది చిన్నది. అంటే ఒక జాతిలో ఆడది పెద్దది, మరొకదానిలో మగది పెద్దది. వేల గుడ్లను పొట్టలో మోయవలసిన ప్రాణికీ, మూడు నాలుగు పిల్లలను మోసే ప్రాణికీ మధ్య ఈ తేడా ఎందుకు ఉందో తొమ్మిదో అడుగుకు చేరేసరికి కొంత అర్థమవుతుంది.

గోడ అంచున సన్నటి తడి ఇసుకను పలుచగా పరిస్తే పాదముద్రలు కూడా దొరుకుతాయి. ముగ్గుపిండి వాడవద్దు, అందులో సున్నం కలిసి ఉంటే కప్ప చర్మానికి హాని చేస్తుంది. గోదురుకప్పకు ముందు కాళ్లకు నాలుగేసి, వెనుక కాళ్లకు అయిదేసి వేళ్లు. చుంచుకు నాలుగు కాళ్లకూ అయిదేసి వేళ్లు, గోళ్లు. చుంచు జాడలో తోక గీత కూడా పడవచ్చు.

నాలుగో అడుగు: ఒక గంటసేపు కదలికను మాత్రమే రాయండి

మొదటి రాత్రే అన్నీ చూడాలని ప్రయత్నించవద్దు. ఒక గంటసేపు, ప్రతి అయిదు నిమిషాలకు ఒకసారి, ప్రాణి కదులుతోందా, నిలిచి ఉందా అన్నది మాత్రమే రాసుకోండి. గోదురుకప్ప గడిలో "నిలిచి ఉంది" అనే మాట వరుసగా పడుతూ పోతుంది. అది దీపం కింద కూర్చుంటుంది, పురుగు దగ్గరికి వస్తే ముందుకు వంగి నాలుక చాస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. చుంచు గడిలో ఇంచుమించు అన్నీ ఖాళీలే ఉంటాయి, ఎందుకంటే అది కనిపించేది కొన్ని క్షణాలే. ఆ ఖాళీని చూసి నిరాశపడకండి, అది కూడా సమాచారమే. కనిపించిన ప్రతిసారీ అది ఎటు నుంచి ఎటు వెళ్లింది, ఎంతసేపు కనిపించింది, అరిచిందా అనేవి పక్కన రాయండి. అలా రాసుకుంటూ పోతే, ఒకటి ఆహారం తన దగ్గరికి వచ్చేదాకా ఆగగలదనీ, మరొకటి ఆగలేక వెదుక్కుంటూ తిరుగుతుందనీ తేలుతుంది.

గోదురుకప్ప నిలిచి ఉన్నప్పుడు దాని గొంతు కింది చర్మం ఆగకుండా అదురుతూ ఉంటుంది. నిమిషానికి ఎన్నిసార్లు అదిరిందో లెక్కపెట్టండి, కానీ ప్రతి అదురునూ ఒక శ్వాసగా రాయవద్దు. కప్పకు పక్కటెముకలు లేవు, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండి శ్వాసను నడిపే కండరమైన ఉదరవితానం లేదు. నోటిలోకి గాలిని తీసుకొని, గొంతును పైకి నొక్కి ఊపిరితిత్తులలోకి తోస్తుంది. గొంతు అదురులో ఎక్కువ భాగం నోటిలోని గాలిని మార్చడానికే జరుగుతుంది, ఊపిరితిత్తులలోకి తోపు నడుమ నడుమ మాత్రమే ఉంటుంది. చుంచుకు ఉదరవితానం ఉంది, శ్వాస ఎంత వేగంగా ఉంటుందంటే కంటితో లెక్కపెట్టడం సాధ్యం కాదు. ఇక్కడ రెండు గడులలో రెండు అంకెలు వేసి పోల్చాలన్న కోరికను అణచుకోవడమే మేలు, ఎందుకంటే మీరు లెక్కపెట్టినది ఒకే పని కాదు.

అయిదో అడుగు: ఆహారాన్ని ఎలా కనిపెడుతుందో పరీక్షించండి

ఈ మొత్తం పనిలో పిల్లలతో కలిసి చేయడానికి అన్నింటికన్నా బాగుండేది ఈ అడుగు. చెప్పుతో కొట్టి చంపిన బొద్దింక ఒకటి కావాలి. మందు కొట్టి చంపినది పొరపాటున కూడా వాడకూడదు. దానిని గోదురుకప్పకు అడుగు దూరంలో కదలకుండా పెట్టండి. చాలాసార్లు కప్ప దానిని పట్టించుకోదు. ఇప్పుడు అదే బొద్దింకకు సన్నటి దారం కట్టి నెమ్మదిగా లాగండి. కప్ప వెంటనే అటు తిరుగుతుంది, ఒక అడుగు ముందుకు వేస్తుంది, నాలుక చాచుతుంది. దారాన్ని అది మింగకుండా ముడి వదులుగా కట్టి, నాలుక చాచే లోపే లాగివేయాలి.

గోదురుకప్ప కన్ను కదలికను ఆహారంగా లెక్కిస్తుంది. జర్మనీ శాస్త్రవేత్త యార్గ్-పీటర్ ఎవర్ట్ యూరప్ గోదురుకప్పల మీద చేసిన ప్రయోగాలు ఈ రంగంలో ప్రసిద్ధమైనవి. సన్నటి నల్లని చారను దాని పొడవు దిశలోనే కదిలిస్తే కప్ప దానిని పురుగుగా భావించి వెంటబడింది. అదే చారను నిలువుగా నిలబెట్టి అదే వేగంతో పక్కకు కదిలిస్తే పట్టించుకోలేదు. నల్ల కాగితం ముక్కను పుల్లకు అంటించి మీరు కూడా దీనిని చేసి చూడవచ్చు, మన పెరటి జాతి ఏం చేస్తుందో మీ పుస్తకంలోనే రాసుకోవచ్చు. ఒకే కప్ప మీద వరుసగా ఎక్కువసార్లు చేయవద్దు, అది విసుగెత్తి స్పందించడం మానేస్తుంది, అప్పుడు మీ ఫలితం కూడా చెడిపోతుంది.

అదే చచ్చిన బొద్దింకను గోడ వారన వదిలి దూరంగా కూర్చోండి. చుంచు వస్తే ముక్కుతో, మీసాలతో తడుముతూ వచ్చి, అది కదలకపోయినా తీసుకుపోతుంది. దాని కంటిచూపు మందం. వాసన, స్పర్శ, వినికిడి దానిని నడిపిస్తాయి. ఆహారం దొరికిన తరువాత కూడా తేడా ఉంది. గోదురుకప్పకు పళ్లే లేవు. నాలుక నోటి ముందు భాగంలో అతుక్కొని ఉండి వెనుక కొన బయటికి విసరబడుతుంది. పురుగును పట్టి అలాగే మింగుతుంది, మింగేటప్పుడు కళ్లను లోపలికి నొక్కి ఆహారాన్ని గొంతులోకి తోస్తుంది. కళ్లు మూసుకుపోయి కిందికి దిగడాన్ని ఫోన్ వీడియోలో నెమ్మదిగా చూస్తే స్పష్టంగా కనిపిస్తుంది. చుంచుకు 30 పళ్లు, అన్నీ మొనదేలినవే. పురుగు పెంకును పొడిచి, ముక్కలు చేసి తింటుంది. ముక్కలు చేస్తే త్వరగా అరుగుతుంది, త్వరగా అరిగితే త్వరగా శక్తి అందుతుంది. ఆ తొందర ఎందుకన్నది తరువాతి అడుగులో తెలుస్తుంది.

ఆరో అడుగు: వేడిని కొలవండి, రెండు కాలాలలో

ఒక్క అడుగుకు మాత్రమే సమయం ఉందంటే దీనిని ఎంచుకోండి. మృగశిర కార్తె వానలు పడిన తరువాత కొన్ని రాత్రులు, మళ్లీ సంక్రాంతి ముందు చలి ముదిరినప్పుడు కొన్ని రాత్రులు, అదే చోట, అదే గంటలో కూర్చొని, గాలి ఉష్ణోగ్రతను, కనిపించిన గోదురుకప్పల సంఖ్యను, చుంచు కనిపించిన సార్లను రాయండి. జూన్‌లో తొలి వానకు ఉసిళ్లు లేచిన రాత్రి దీపం కింద గోదురుకప్పలు గుమిగూడతాయి. జనవరిలో ఆదిలాబాద్ వైపు ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగే రాత్రులలో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. చుంచు మాత్రం వంటగది గోడ వారన తిరుగుతూనే ఉంటుంది. కోస్తాలో చలి అంత ముదరదు కనుక అక్కడి వారికి తేడా తక్కువగా కనిపించవచ్చు, అందువల్ల మీ థర్మామీటరు అంకె లేకుండా "చలికాలం" అని మాత్రమే రాస్తే మరొకరి లెక్కతో పోల్చడానికి వీలుండదు.

కారణాన్ని ఇలా అర్థం చేసుకోవాలి. గోదురుకప్ప ఒంటి వేడి నేల వేడినీ గాలి వేడినీ అనుసరించి పెరుగుతుంది, తగ్గుతుంది. చల్లబడినప్పుడు కండరాలు నెమ్మదిస్తాయి, అరుగుదల నెమ్మదిస్తుంది, వేటాడడం కష్టమవుతుంది. అదే సమయంలో అవసరమైన ఆహారం కూడా తగ్గిపోతుంది. కాబట్టి అది రాతి కింద, మట్టి పగుళ్లలో, పూలకుండీ అడుగున దాగి, తినకుండానే రోజుల తరబడి ఉండగలదు. మండు వేసవిలో కూడా అదే చేస్తుంది, అయితే అప్పుడు కారణం వేడికన్నా నీటి కరువు. చుంచు ఒంటి వేడి బయటి చలితో పడిపోదు. దానిని నిలబెట్టడానికి లోపల నిరంతరం ఆహారం ఖర్చవుతూ ఉంటుంది. ఒకే బరువున్న, ఒకే వేడిలో ఉన్న ఉభయచరంతో పోలిస్తే క్షీరదం విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా అనేక రెట్లు ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కనుక వేడి త్వరగా బయటికి పోతుంది, అందుకే చిన్న క్షీరదం మీద ఈ భారం మరీ ఎక్కువ. నాలుగు గదుల గుండె, వెంట్రుకలు, ఉదరవితానం, ముక్కలు చేసే పళ్లు, ఇవన్నీ బడి పట్టికలో వేర్వేరు వరుసలుగా కనిపిస్తాయి కానీ, నిజానికి ఒకే ఖర్చును మోయడానికి ఏర్పడిన ఏర్పాట్లు. గోదురుకప్ప మూడు గదుల గుండెను వెనుకబాటుగా రాసే అలవాటు ఇంకా పోలేదు. అది మోయవలసిన భారానికి ఆ గుండె చాలినంత ఉంది.

చుంచు రెండు గంటలు తినకపోతే చచ్చిపోతుందన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అలాగే ఎత్తి రాయవద్దు. ఆ రకమైన మాటలు చల్లటి దేశాలలో ఉండే, అయిదారు గ్రాముల బరువైన ఎర్ర పళ్ల చుంచులను చూసి చెప్పినవి. మన ఇంటి చుంచు తెల్ల పళ్ల వర్గంలోది. ఆ వర్గం ఖర్చు ఎర్ర పళ్ల వాటికన్నా తక్కువ, పైగా ఇది వాటికి ఎన్నో రెట్లు బరువైనది.

ఏడో అడుగు: నీళ్లు పెట్టి చూడండి

వేసవిలో ఒక వెడల్పాటి మట్టి మూకుడులో వేలి మందం నీళ్లు పోసి గోడకు దగ్గరగా ఉంచండి. గోదురుకప్ప వస్తే నోటితో తాగదు. మూకుడులో పొట్ట ఆనించి, వెనుక కాళ్లు వెడల్పు చేసి కూర్చుంటుంది. పొట్ట అడుగున, తొడల దగ్గర ఉన్న పలుచని చర్మం గుండా నీరు ఒంటిలోకి వెళుతుంది. చుంచు నాలుకతో తాగుతుంది. చర్మం నీటినే కాదు, నీటిలో కలిసిన వాటిని కూడా లోపలికి రానిస్తుంది కనుక, ఆ మూకుడును సబ్బుతో కడిగితే బాగా జాడించాలి, పురుగుల మందు చల్లిన మొక్కల దగ్గర ఉంచకూడదు. పెరట్లో మందు చల్లిన వారం గోదురుకప్పలు కనిపించకపోతే ఆ విషయాన్ని కూడా తేదీతో సహా రాయండి.

ఇంత తేడాలోనూ రెండూ కలిసే చోటు ఒకటుంది. ఎదిగిన గోదురుకప్ప, చుంచు రెండూ వంట్లోని నత్రజని వ్యర్థాన్ని యూరియాగా మార్చి విసర్జిస్తాయి. నీటిలో ఉండే తోకకప్ప దశలో మాత్రం అది అమ్మోనియాగా పోతుంది. పోలిక రాసేవారు తేడాలనే వెదకడానికి అలవాటుపడి ఇటువంటి వాటిని వదిలేస్తారు.

ఎనిమిదో అడుగు: రక్షణ ఉపాయాలు, మీ జాగ్రత్త

గోదురుకప్ప కంటి వెనుక గ్రంథుల నుంచి వచ్చే పాలలాంటి ద్రవం గుండె మీద పనిచేసే విషం. అది మన చేతి చర్మానికి మామూలుగా హాని చేయదు, ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది నిజం కాదు. కానీ ఆ చేతితో కన్ను నులుముకుంటే తీవ్రంగా మండుతుంది. కుక్క నోట కరిస్తే నురగ కక్కుతుంది, చిన్న కుక్కకు ప్రాణం మీదికి కూడా రావచ్చు. చుంచు తన వాసనతో కాపాడుకుంటుంది. పిల్లి దానిని చంపి కూడా తినకుండా వదిలేయడం మీరు చూసే ఉంటారు. చుంచు కరుస్తుంది, దాని మూత్రంలో ఎలుక జ్వరం కలిగించే లెప్టోస్పైరా క్రిములు ఉండవచ్చు. కనుక ఉత్త చేతితో ముట్టుకోవద్దు, అది తిరిగిన చోట వండిన పదార్థాలను మూత లేకుండా ఉంచవద్దు.

రెండింటికీ తమ రక్షణను లెక్కచేయని శత్రువులు ఉన్నారు. నాగుపాము, నీరుకట్టు పాము గోదురుకప్పను తింటాయి. గుడ్లగూబ చుంచును తింటుంది. ఈ విషం ఎంత పని చేస్తుందన్నది ఎదుటివారి మీద ఆధారపడుతుందని చెప్పడానికి మడగాస్కర్ మంచి ఉదాహరణ. ఆసియా గోదురుకప్ప ఓడ సరుకుల వెంట ఆ ద్వీపానికి చేరి, టొమాసినా రేవు చుట్టూ వ్యాపిస్తోందని 2014లో లోకానికి తెలిసింది. అక్కడి పాములు ఇటువంటి కప్పను ఎన్నడూ చూసినవి కావు. వాటిలో చాలా జాతులకు ఈ విషాన్ని తట్టుకునే జన్యు మార్పు లేదని తరువాతి పరిశోధనలో తేలింది. మన చుంచు కూడా మనిషి వెంట ఆ ద్వీపానికి ఎప్పుడో చేరింది. అక్కడ కూడా ఈ జంట కలుసుకుందన్నమాట.

తొమ్మిదో అడుగు: పిల్లల సంగతి

వానలు పడ్డాక నీటి గుంటల దగ్గర, పొలం కాలువల దగ్గర వెదకండి. గోదురుకప్ప గుడ్లు ముద్దగా కాక, జిగురు దారాలలో వరుసగా గుచ్చినట్టు నల్లటి చుక్కలుగా మొక్కల చుట్టూ అల్లుకొని ఉంటాయి. ఒక్క ఆడది వేల సంఖ్యలో గుడ్లు పెడుతుంది, పెట్టి వెళ్లిపోతుంది. నల్లటి తోకకప్పలు గుంపుగా తిరుగుతూ పాచిని గీరి తింటాయి. కొన్ని వారాల తరువాత సెంటీమీటరు అటూ ఇటూ ఉన్న పిల్ల కప్పలు గట్టుమీదికి వస్తాయి. ఒకే గుంటను వారానికి ఒకసారి చూసి, కాళ్లు మొలవడం, తోక కరగడం తేదీలతో రాయండి. గుంట మధ్యలోనే ఎండిపోతే అది కూడా ఫలితమే, ప్రకృతిలో అధిక భాగం అలాగే పోతాయి.

చుంచు దాదాపు 30 రోజులు గర్భం మోసి, ఒకటి నుంచి ఎనిమిది వరకు, సాధారణంగా మూడు పిల్లలను కంటుంది. పుట్టినప్పుడు ఒంటి మీద వెంట్రుకలుండవు, బరువు రెండు గ్రాములకు కాస్త ఎక్కువ. గూటిని వెదికి తెరవవద్దు. అదృష్టం ఉంటే, తల్లి గూడు మారుస్తున్నప్పుడు పిల్లలు ఒకదాని వెనుక ఒకటి ముందున్నదాని తోక మొదలు పట్టుకొని రైలు పెట్టెల్లా సాగిపోవడం చూడవచ్చు. ఒక తల్లి తన శక్తిని వేల గుడ్లలో పంచి వదిలేస్తుంది. రెండో తల్లి అదే శక్తిని ముగ్గురి మీద పాలుగా, వేడిగా ఖర్చు పెడుతుంది.

పదో అడుగు: ఎముకలు, ఎవరినీ చంపకుండా

పాత గోదాములలో, పాడుబడిన మేడలలో, ఆలయ గోపురాల కింద గుడ్లగూబలు కక్కిన ఉండలు దొరుకుతాయి. చేతి తొడుగులు వేసుకొని ఏరి, ఎండలో బాగా ఆరబెట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పుల్లతో విడదీస్తే వెంట్రుకల మధ్య నుంచి శుభ్రమైన ఎముకలు బయటపడతాయి. మన ప్రాంతపు ఉండలలో చుంచు పుర్రె తరచుగానే కనిపిస్తుంది. పళ్లు తెల్లగా ఉండి, ముందు పళ్లు కొక్కెంలా ముందుకు వంగి ఉంటే, చెంప దగ్గర ఎముక వంపు లేకపోతే అది చుంచు. ముందు పళ్లు పసుపు రంగులో ఉండి, వాటి వెనుక పెద్ద ఖాళీ ఉంటే ఎలుక.

కొన్ని ఉండలలో కప్ప ఎముకలు కూడా వస్తాయి. అవి ఏ జాతివో తేల్చడం కష్టం కనుక "కప్ప" అని మాత్రమే రాయండి. వెన్నెముక చివర పూసలు కలిసిపోయి ఏర్పడిన పొడవాటి ఎముకను, ముంజేతిలో రెండు ఎముకలు ఒకటైపోవడాన్ని చూడండి. రెండూ గెంతి నేలకు దిగేటప్పటి అదురును తట్టుకోవడానికి పనికివచ్చేవే. చుంచు ముంజేతిలో రెండు ఎముకలూ విడివిడిగా ఉంటాయి, మెడలో ఏడు పూసలు ఉంటాయి. తరువాత రెండు పుర్రెలనూ వెనక్కి తిప్పి, వెన్నెముకతో కలిసే చోటును భూతద్దంతో చూడండి. రెండింటికీ రెండేసి గుండ్రటి బుడిపెలు ఉంటాయి. పాముకు, పక్షికి ఒక్కటే.

చివరి అడుగు: రాయడం

పుస్తకంలో పేజీని అవయవాల వారీగా కాకుండా ప్రశ్నల వారీగా విభజించండి: ఆహారాన్ని ఎలా కనిపెడుతుంది, వేడిని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది, నీటిని ఎలా తీసుకుంటుంది, పిల్లల మీద ఎంత ఖర్చు పెడుతుంది. ప్రతి ప్రశ్న కింద రెండు ప్రాణుల జవాబులు పక్కపక్కనే ఉండాలి, మూడో వరుసలో ఆ జవాబు మీరు చూసినదా, చదివినదా అన్నది రాయాలి. గుండె గదులను మీరు చూడలేదు, కనుక అది చదివినదే. మూకుడులో కూర్చోవడం చూశారు, కనుక అది చూసినదే. ఒక పెరట్లో ఒక కప్పను చూసి "గోదురుకప్పలు ఇలా చేస్తాయి" అని రాయకుండా, "మా పెరట్లో జూలైలో, 26 డిగ్రీల వద్ద, ఇలా చేసింది" అని రాస్తే ఆ వాక్యం మరొకరికి ఉపయోగపడుతుంది. ఫోటోలను తేదీ, చోటుతో సహా జీవుల పరిశీలనలను నమోదు చేసే వెబ్‌సైట్లయిన ఐనాచురలిస్ట్‌లో గానీ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ చేర్చితే జాతిని సరిచూసేవారు అక్కడ దొరుకుతారు. ఇంటి కచ్చితమైన చిరునామా బయటపడకుండా చోటును కొంత విశాలంగా చూపే వీలు ఉంది, దానిని వాడుకోండి.